తేదీ తెలియని వాళ్ల ధైర్యం

తులిప్ దుంప తినాలంటే ముందు పైపొర ఒలిచి, మధ్యకు కోసి, లోపలున్న పసుపుపచ్చ మొలకను తీసి పారేయాలి. అది విషం. మిగతాది ఉడకబెట్టి, మెదిపి, ఇంట్లో ఉంటే ఇంత ఉప్పు వేసుకుని తినాలి. ఈ వంట నాకు 2021 మే నెలలో, ఒంగోల్లో ఒక ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉండగా తెలిసింది. లోపల మా నాయన ఆక్సిజన్ మీద ఉన్నాడు. మమ్మల్ని లోపలికి రానివ్వరు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వార్డుబాయ్ బయటికొచ్చి పేర్లు పిలిచి మందుల చీటీ చేతిలో పెట్టి పోతాడు. మధ్యలో పది గంటలు. ఫోన్లో వాట్సాప్ తెరవాలంటే భయం. ఎవరి ఫోటో కింద ఏం రాసి ఉంటుందో తెలీదు. అందుకని ఎప్పుడో దించుకుని చదవకుండా వదిలేసిన ఇంగ్లీషు నవల ఒకటి తెరిచాను.

అది హాలండ్ కథ. 1944–45 చలికాలం. రైల్వే కార్మికులు సమ్మె చేశారన్న కక్షతో జర్మన్లు పడమటి హాలండ్‌కు తిండి గింజల రవాణా ఆపేశారు. తర్వాత కొంచెం సడలించారు గానీ అప్పటికి కాలవలు గడ్డకట్టి పడవలు కదల్లేదు. ఇరవై వేల మంది దాకా ఆకలికి, చలికి చనిపోయారు. జనం చక్కెర దుంపలు తిన్నారు, పూల కోసం దాచుకున్న తులిప్ దుంపలు తిన్నారు. నవల్లో భర్త పోయిన ఒకామె అటక మీద ఒక యూదు పిల్లను దాచి ఉంచుతుంది. వంటింట్లో ఆరు దుంపలుంటాయి. ఇద్దరికీ రెండు రోజులు రావాలి. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటుంది, మాటలు రావు. మళ్లీ కళ్లు తెరిచి దుంప చేతిలోకి తీసుకుని పసుపు మొలక తీయడం మొదలుపెడుతుంది. మూడు పేజీలు ఇంతే. ఇంకేమీ జరగదు. ఆ మూడు పేజీలు నేను నాలుగుసార్లు చదివాను.

ఎందుకంటే హాలండ్‌కి 1945 మే 5న విడుదల వచ్చిందని నాకు తెలుసు. తొమ్మిదీ పదీ తరగతులకు సోషల్ చెప్పి బతికేదాన్ని, ఆ మాత్రం తెలియకపోతే ఎట్లా. కథలో ఫిబ్రవరి అని రాగానే మనసు దానంతటదే లెక్కేసుకుంది: ఇంకా మూడు నెలలు, ఓర్చుకో తల్లీ. మార్చి వచ్చింది: ఇంకా రెండు. ఆ లెక్క ఆమె దగ్గర లేదు. ఆమె దగ్గరున్నవి ఆరు దుంపలు, అటక మీద ఒక పిల్ల. నేను చదువుతున్న రోజు కూడా మే 5. ఆ రోజు నుంచే మన రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండింటి నుంచి కర్ఫ్యూ పెట్టారు. టీ కొట్టు అబ్బాయి పదకొండున్నరకే స్టవ్ ఆర్పేశాడు. ఫోన్ పక్కన పెట్టి వార్డు తలుపు వైపు చూస్తే అప్పుడు అర్థమైంది, ఆమె గురించి నాకు తెలిసిన తేదీ లాంటిది నా గురించి ఎవరికో తెలిసే ఉంటుంది, నాకు మాత్రం తెలీదని.

ఆ దేశానికి ఇంకో తేదీ కూడా ఉంది. 1944 సెప్టెంబరు 5. మిత్రరాజ్యాల సైన్యం వచ్చేసిందని పుకారు లేచింది. జనం జెండాలు పట్టుకుని, నారింజ రంగు రిబ్బన్లు కట్టుకుని వీధుల్లోకి వచ్చి నిలబడ్డారు. ఎవరూ రాలేదు. పడమటి జిల్లాలకు విడుదల ఇంకా ఎనిమిది నెలల దూరంలో ఉంది. మధ్యలో ఆ ఆకలి చలికాలం ఉంది. డచ్చివాళ్లు ఆ రోజును పిచ్చి మంగళవారం అంటారు.

2021 మే నెలలో మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపుల్లో రోజుకో పిచ్చి మంగళవారం వచ్చింది. పదో తారీఖు కల్లా ఈ తెగులు పోతుందని ప్రభువు నాతో మాట్లాడాడు అని ఒకరి ఆడియో. ఫలానా కీర్తన ఇరవై ఒక్కసార్లు చదివినవారి ఇంటికి రాదు అని ఇంకొకరి మెసేజ్. వాళ్లను వెక్కిరించను. నేను కూడా ఇరవై ఒక్కసార్లు చదివాను. పదో తారీఖు వచ్చింది, పోయింది. మా నాయన పద్నాలుగున తెల్లవారుజామున పోయాడు. సమాధుల తోటలో పాస్టరు గారితో కలిపి ఐదుగురం. పాట కూడా మాస్కుల్లోంచే పాడాం.

మా అమ్మ బతికింది. ఆమెకూ అదే వారం వచ్చింది, ఇంట్లోనే మందులతో తగ్గింది. సెప్టెంబర్లో గుడి తెరిచాక ఒక ఆదివారం, "అమ్మకి బాగైంది గదా, నిలబడి సాక్ష్యం చెప్పమ్మాయ్" అన్నారు. నిలబడ్డాను. మైకు చేతికిచ్చారు. అమ్మ గురించి రెండు ముక్కలు చెప్పాను. నాయన గురించి ఎత్తుకోగానే గొంతు పట్టేసింది, కూర్చున్నాను. వెనక నుంచి ఎవరో "దేవునికి స్తోత్రం" అన్నారు. అలవాటుగా అన్నారే తప్ప కుట్రేమీ లేదు. కానీ ఆ స్తోత్రం ఏ వాక్యానికి వచ్చి తగిలిందో నాకు ఇప్పటికీ తెలీదు.

మన సాక్ష్యాలకు ఒక అచ్చు ఉంది. కష్టం వచ్చింది, ప్రార్థించాం, తీరింది. ఈ మూడు మెట్లు ఎక్కినవాళ్లకే మైకు. మూడో మెట్టు లేనివాళ్లు వెనక బెంచీల్లో కూర్చుని ఆమెన్ అంటారు. నేను ఈ వ్యాసం రాస్తున్నది దానితో గొడవ పడ్డానికే. ఆ మెట్ల మీద నాకు ధైర్యం వచ్చింది తీరిన కష్టాల కథల నుంచి కాదు. తీరుతుందో లేదో తెలియకుండా దుంపలు ఒలిచిన ఆమె నుంచి. ఆమె ఒక కల్పిత పాత్ర, ఆ సంగతి కూడా నాకు తెలుసు.

బైబిల్లో దానియేలు గ్రంథంలో, రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కనన్నందుకు అగ్నిగుండం ముందు నిలబడ్డ ముగ్గురు యువకుల సంగతి సండే స్కూల్లో ఫ్లానెల్ బోర్డు మీద బొమ్మలతో చెప్పేవాళ్లు. నాలుగో మనిషి మంటల్లో కనపడటం, వెంట్రుక కూడా కాలకపోవడం, అదంతా నోటికొచ్చు. అయితే వాళ్లు గుండంలో పడకముందు రాజుతో అన్న మాటలో "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అని ఒక ముక్క ఉంది. నాకు నలభై ఏళ్లు దాటేదాకా ఆ ముక్క మీద ఒక్క ప్రసంగమైనా విన్న గుర్తు లేదు. ఆ ముక్క అన్నప్పుడు వాళ్లకు మూడో అధ్యాయం చివర ఏముందో తెలీదు గదా! తెలిసినవాళ్లు మనం.

హాలండ్‌లోనే హార్లెం ఊళ్లో గడియారాల కొట్టు నడిపిన టెన్ బూమ్ కుటుంబం గురించి మన క్రైస్తవుల్లో చాలామంది విని ఉంటారు. యూదులను ఇంట్లో దాచినందుకు 1944 ఫిబ్రవరిలో అరెస్టయ్యారు. ముసలి తండ్రి పది రోజులకే నిర్బంధంలో పోయాడు. అక్క బెట్సీ ఆ డిసెంబరు 16న రావెన్స్‌బ్రూక్ అనే నాజీ క్యాంపులో చనిపోయింది. చెల్లెలు కోరీ ఆ నెలాఖరుకే విడుదలై బయటికొచ్చింది, ఆ తర్వాత ఎన్నో దేశాలు తిరిగి సాక్ష్యం చెప్పింది. ఇద్దరిదీ ఒకే విశ్వాసం, ఒకే ప్రార్థన, ఒకే పేల దుప్పటి. సాక్ష్యం చెప్పడానికి మిగిలింది ఒకరు.

జ్ఞాపకాలు రాసేది బతికి బయటపడ్డవాళ్లే. కాబట్టి జ్ఞాపకాల పుస్తకం ఎంత భయంకరంగా ఉన్నా, అట్ట మీద పేరు చూడగానే ఈమె బతికింది అని మనకు ముందే తెలిసిపోతుంది. పోయినవాళ్ల లోపల ఆ చివరి నెలల్లో ఏం నడిచిందో ఎవరు రాయాలి? చరిత్ర పుస్తకం ఒక అంకె రాస్తుంది. ఇరవై వేలు అని. ఆ అంకెలో ఒకామె మంగళవారం సాయంత్రం ఏం వండింది, పక్కింటావిడ తలుపు కొడితే ఎంతసేపు ఊపిరి బిగపట్టింది అన్నది చరిత్ర నవలకే దక్కిన పని. అందుకే నేను దాన్ని కాలక్షేపం లెక్కలో వేయను.

మా స్త్రీల సమాజంలో ఒక ఆంటీ ఉంది, మంచి మనిషి, ముక్కుసూటి మనిషి. "వాక్యం ఉండగా నీకీ అబద్ధాల పుస్తకాలెందుకే" అంటుంది. నేనూ తగ్గను. తప్పిపోయిన కుమారుడు ఏ ఊరివాడు ఆంటీ? వాడి ఇంటిపేరేంటి? ప్రభువు చెప్పిన ఉపమానాల్లో ఒక్కటైనా జరిగిన సంగతని ఎక్కడైనా రాసుందా? పైగా ఆ కథ ఎక్కడ ఆగిందో చూడండి. తమ్ముడు ఇంటికొచ్చాడు, లోపల విందు జరుగుతోంది, అన్న అలిగి వాకిట్లో నిలబడ్డాడు, తండ్రి బయటికొచ్చి బతిమాలుతున్నాడు. అంతే. అన్న లోపలికి పోయాడా లేదా చెప్పకుండా ఆపేశాడు ప్రభువు. చివర చెప్పకపోవడం కథ చెప్పేవాడి చేతకానితనం కాదని నేను నేర్చుకున్నది అక్కడే. ఆంటీ నవ్వి, "నీతో వాదించలేనమ్మా, టీచరువి" అంది. ఒప్పుకున్నట్టా కాదా, అది వేరే సంగతి.

ఈ యుద్ధకాలపు నవలలన్నీ గొప్పవని నేను అనను. సగం పైగా ఒకే మూసలో ఉంటాయి. అట్ట మీద కోటు వేసుకున్న ఒకమ్మాయి వీపు, ఆకాశంలో రెండు విమానాలు. లోపల కథానాయిక ఎప్పుడూ దాచేవాళ్ల పక్షమే, పట్టించేవాళ్ల పక్షం ఎప్పుడూ కాదు. చదివేవాళ్లం మనమూ ఆమె పక్కన చేరిపోయి, మేమైనా అంతే చేసేవాళ్లం అనుకుంటూ హాయిగా కళ్లు తుడుచుకుంటాం. నాకు ఇక్కడే చిరాకు. జర్మనీలో గుళ్లు నిండుగా ఉండేవి. ఆ గుళ్లలో చాలా వాటిలో హిట్లర్ కోసం ప్రార్థనలు చేశారు. యూదుల రక్తం ఉన్న పాస్టర్లను తీసేయాలన్న సంఘాలున్నాయి. దాన్ని ఎదిరించి 1934లో బార్మెన్‌లో కొందరు ఒక ప్రకటన చేశారు, మెచ్చుకోవాల్సిందే, కానీ అందులోనూ యూదుల గురించి ఒక్క మాట లేదు. నాజీలను ఎదిరించిన జర్మన్ పాస్టరు మార్టిన్ నీమొల్లర్ ఎనిమిదేళ్లు నిర్బంధంలో ఉన్నాడు. ఆయన కూడా మొదట్లో నాజీలకు ఓటేసిన మనిషే. మంచి నవల అంటే నా లెక్కలో ఇది చెప్పగలిగేది, ఆదివారం పక్క బెంచీలో కూర్చున్నవాడే సోమవారం ఫిర్యాదు రాసిన సంగతి చెప్పగలిగేది. క్రైస్తవ నిరీక్షణ అనేదేదైనా ఉంటే అది ఈ సంగతి తెలిశాక కూడా నిలబడాలి.

ఇదంతా యూరప్ గొడవ, మనకెందుకు అంటే, 1985 జులై 17న కారంచేడు జరిగింది అప్పటి మన ప్రకాశం జిల్లాలోనే. దళితవాడ మీద పడి ఆరుగురిని చంపారు. మిగతావాళ్లు కట్టుబట్టలతో పారిపోయి చీరాల చేరి శిబిరంలో ఉన్నారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మేం చీరాలలోనే ఉండేవాళ్లం. ఇంట్లో పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం, నేను గదిలోకి పోగానే ఆపేయడం గుర్తుంది. మా నాయన ఒక సాయంత్రం రెండు దుప్పట్లు, ఒక చిన్న బియ్యం మూట సైకిల్‌కి కట్టుకుని పోయాడు. మా అమ్మ వాకిట్లో నిలబడి "ఎవరైనా చూస్తే" అంది. ఆయన ఏమీ అనలేదు. వచ్చేసరికి రాత్రి తొమ్మిదైంది. కాళ్లు కడుక్కుని అన్నం తిన్నాడు. ఆ రోజు ఆయనకు నెలాఖరు దాకా బియ్యం సరిపోతాయో లేదో తెలీదు, చూసినవాళ్లు స్కూల్లో ఎవరికి చెప్తారో తెలీదు. పెద్దయ్యాక ఒకసారి అడిగాను, అప్పుడు భయం వేయలేదా అని. "వేసింది. దుప్పట్లు ఇంకో రెండు తీసుకుపోవాల్సింది" అన్నాడు. ఈ రెండు వాక్యాలకు సంబంధం ఏంటో నాకు చాలా ఏళ్లు తెలీలేదు. తులిప్ దుంపలామె కథ చదివాకే తెలిసింది.

మా తాత కథ ఇంకా కష్టం. నాయన వాళ్ల నాన్న. 1943లో పట్టాళంలో చేరాడు. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి ఇరవై ఐదు లక్షల మంది సైన్యంలో పనిచేశారు. వాళ్లలో తుపాకీ కంటే పార ఎక్కువ పట్టినవాళ్లు కూడా చాలామంది. మా తాత పయనీరు దళంలో రోడ్డు పని చేశాడు, ఈశాన్య భారతంలో దిమాపూర్ నుంచి కోహిమా మీదుగా ఇంఫాల్ పోయే కొండ రోడ్డు. 1944 ఏప్రిల్‌లో జపాన్ సైన్యం కోహిమాను చుట్టుముట్టింది. జూన్ 22న రోడ్డు తెరుచుకునేదాకా అక్కడ యుద్ధం నడిచింది. తాత ఒక ట్రంకు పెట్టె, పెచ్చులు లేచిన ఎనామిల్ మగ్గుతో తిరిగొచ్చాడు. యుద్ధం గురించి ఎవరడిగినా దాటేసేవాడు. ఆయన నోట మా నాయన విన్నది ఒకే ఒక్క మాట: "అక్కడా మన మిషన్ గుడే ఉండింది."

ఆ మాట నిజమే. ఒంగోలు, నెల్లూరుల్లో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనే 1880ల నుంచి కోహిమాలోనూ పనిచేసింది. నాగా క్రైస్తవులు ఆ యుద్ధంలో బరువులు మోశారు, గాయపడ్డవాళ్లను కొండల మీంచి దించారు. ఒంగోలు నుంచి పోయిన ఒక మాదిగ యువకుడు, భాష రాని ఊళ్లో, పేలుళ్ల మధ్య, తనకు తెలిసిన గుడి లాంటి గుడి చూశాడు. లోపలికి పోయాడా? పాట రాగం గుర్తుపట్టాడా? ఒక నాగా మనిషి పక్కన మోకరించాడా? ఏ రికార్డులోనూ దొరకదు. తాతకు పింఛను కాగితం తప్ప ఇంకే కాగితం లేదు. మన తెలుగు క్రైస్తవుల యుద్ధకథ ఒక్కటీ నా చేతికి రాలేదెందుకని చాలాకాలం విసుక్కున్నాను. రాయవలసినవాళ్లు ఒక్క వాక్యం చెప్పి పోయారు, మిగతాది మనమే కట్టుకోవాలి.

మన సంఘ చరిత్ర కూడా మనం చివర నుంచే చెప్పుకుంటాం. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం. ఒంగోల్లో పుట్టిన ప్రతి బాప్టిస్టు పిల్లకూ ఈ అంకె ఎక్కాల కంటే ముందొస్తుంది. ఆ అంకెకు ముందు ఏముందో తక్కువ చెప్తారు. 1853లో అమెరికాలో మిషన్ పెద్దలు కూర్చుని, తెలుగు మిషన్‌లో ఫలితం లేదు, మూసేద్దామా అని వాదులాడుకున్నారు. మరుసటేడు జనవరి 1న తెల్లవారకముందే మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, నెల్లూరు జూలియా, ఇంకో ఇద్దరు, మొత్తం ఐదుగురు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. కింద ఊళ్లో తమవాళ్లు ఒక్కరూ లేరు. తర్వాత ఆ బాప్తిస్మాల కాలంలో మిషన్ నడిపిన అమెరికన్ మిషనరీ క్లౌ దొర ఒంగోలు రావడానికే ఇంకా పన్నెండేళ్లు. తర్వాత 1876–78 కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. నాకు 2,222 కంటే ఆ ఆపేయడం మీద ఆసక్తి ఎక్కువ. కాలవ గట్టు మీద తట్ట మోస్తూ, నన్ను ఎప్పుడు చేర్చుకుంటారయ్యా అని అడిగి, ఆగమన్న జవాబు విని, మళ్లీ తట్ట ఎత్తుకున్న ఒకామె తప్పకుండా ఉండి ఉంటుంది. ఆమెకు జులై 3 సంగతి తెలీదు. కొందరు ఆ రోజు చూడకుండానే కరువుకు పోయుంటారు కూడా. ప్రార్థన కొండ ఎక్కినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

ఇప్పుడు నెల్లూర్లో ఉంటున్నాను. గురువారం సాయంత్రం స్త్రీల కూటంలో వాక్యం, ప్రార్థన అయ్యాక పావుగంట నాకిచ్చారు. ఆ ముక్కుసూటి ఆంటీయే ఇప్పించింది, అది కూడా చెప్పాలి. ఆ హాలండ్ నవల వారానికొక అధ్యాయం చొప్పున నా మాటల్లో తెలుగులో చెప్తున్నాను. తులిప్ దుంపలంటే మొదట ఎవరికీ అర్థం కాలేదు. కరువులో మావాళ్లు అడవి దుంపలు నాలుగు నీళ్లు మార్చి ఉడకబెట్టేవాళ్లట అని ఒకామె అనేసరికి అందరికీ దారి దొరికింది. పోయిన వారం ఫిబ్రవరి దాకా వచ్చాం. సైనికులు వీధి చివర నుంచి ఇళ్లు సోదా చేసుకుంటూ వస్తున్నారు, అటక మీద పిల్లకు దగ్గు. అక్కడ ఆపాను.

"ఆ పిల్ల బతికిందా లేదా అది చెప్పి పో" అన్నారు ముందు వరసలోవాళ్లు. నేను నోరు తెరిచేలోపు, గోడకి ఆనుకుని కూర్చునే అవ్వ ఒకామె, రెండో వేవ్‌లో కొడుకుని పోగొట్టుకున్న మనిషి, మోకాలి మీద చెయ్యేసి లేస్తూ, "చెప్పొద్దులే టీచరమ్మా. వచ్చే గురువారం వస్తాంగా" అంది.